దిక్కులేని పిల్లలను పరామర్శించడం అంటే ఏమిటి?

ధ్యానించవలసిన వాక్యభాగాలు: యాకోబు 1:27, 2 రాజులు 4:1-7, లూకా 7:11-17



వేసవి సెలవులు దగ్గరపడగానే మన ఫెలోషిప్‌లలో ఒక ప్రశ్న వస్తుంది: "ఈసారి యూత్‌ని ఎక్కడికి పంపుదాం?" కొందరు కంబోడియా, కెన్యా వంటి దేశాలకు వెళ్తారు. కొందరు మన సొంత రాష్ట్రాల్లోని చిల్డ్రన్స్ హోమ్‌లకు వెళ్తారు. రెండు వారాలు పాటలు, ఆటలు, వీబీఎస్, బట్టల పంపిణీ, ఫోటోలు. అందరూ ప్రేమతోనే వెళ్తారు. ఆ రెండు వారాల వల్ల ఆ పిల్లలకు ఏం జరుగుతుందో వాక్యపు వెలుగులో చూద్దాం.

1. బిడ్డ పక్కనే తల్లి ఉంది

యాకోబు దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఒకే మాటలో కలిపి చెప్పాడు. తండ్రి చనిపోయిన బిడ్డ, భర్త చనిపోయిన తల్లి చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటారు. మనం హోమ్‌కు వెళ్ళినప్పుడు బిడ్డ కనబడతాడు గాని తల్లి కనబడదు.

కంబోడియా ప్రభుత్వం 2017లో ప్రకటించిన లెక్కల్లో 406 హోమ్‌లు, వాటిలో 16,500 మందికి పైగా పిల్లలు ఉన్నారు. వారిలో 13 నుండి 17 ఏళ్ళ వాళ్ళను చూస్తే, నూటికి దాదాపు 80 మందికి తల్లి గాని తండ్రి గాని బ్రతికే ఉన్నారు. పేదరికం వల్ల, అక్కడైతే చదువు, అన్నం దొరుకుతాయన్న ఆశతో పంపించినవాళ్ళు ఎందరో. మనం "అనాథాశ్రమం" అని పిలిచే చోట ఉన్నవాళ్ళందరూ అనాథలు కారు.

2. ఎలీషా ఆ పిల్లలను తీసుకెళ్ళలేదు

2 రాజులు 4లో ఒక విధవరాలు కనబడుతుంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు. అప్పు తీర్చలేదని అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా వాళ్ళను తన దగ్గర పెట్టుకుంటానని అనలేదు. ఇంట్లో ఏముందని ఆమెనే అడిగాడు. ఉన్న కొంచెం నూనెతోనే దేవుడు కార్యం చేశాడు. అప్పు తీరింది, మిగిలినదానితో తల్లీ పిల్లలూ కలిసి బ్రతికారు. నాయీనులో మన ప్రభువు కూడా లేపిన యువకుణ్ణి మళ్ళీ తల్లి చేతికే ఇచ్చాడు.

3. వచ్చి వెళ్ళిపోయే ప్రేమ

రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో ఒక పరిశోధన మొదలైంది. ప్రభుత్వ శిశుగృహాల్లోని 136 మంది చిన్నపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. కుటుంబాలకు వెళ్ళినవాళ్ళ బుద్ధి వికాసం మెరుగుపడింది. ఎంత చిన్న వయసులో వెళ్తే అంత మేలు జరిగింది. పిల్లలకు కావలసింది నిలకడగా ఉండే మనిషి.

హోమ్‌లో పెరిగిన కొందరు పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గరకు కూడా పరుగెత్తి వచ్చి ఒళ్ళో కూర్చుంటారు. మనం మురిసిపోతాం. నిలకడైన ప్రేమ దొరకని లోటుకు అది గుర్తు కావచ్చు. ప్రతి వేసవిలో కొత్త టీమ్ వచ్చి, దగ్గరై, వెళ్ళిపోతే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా అనాథాశ్రమాల్లో వాలంటీర్ కార్యక్రమాల వల్ల కలిగే హాని గురించి ఆందోళన తెలిపింది.

ఇంకొక మాట. ఇక్కడ సండే స్కూల్లో నేర్పాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతాం. అక్కడి పిల్లల దగ్గరకు ఏ చెక్ లేకుండా వెళ్ళడం న్యాయమా? వాళ్ళు మన పిల్లలకంటే తక్కువా?

యాకోబు వాడిన "పరామర్శించు" అన్న గ్రీకు మాటకు బాధ్యతగా చూసుకోవడం అనే అర్థం ఉంది. లూకా 7:16లో దేవుడు తన ప్రజలను దర్శించాడన్నప్పుడు ఉన్నదీ అదే మాట. చూసి వచ్చేయడంతో ఆ పని ముగియదు.

4. మరి మనమేం చేయాలి?

• డబ్బు పంపేముందు హోమ్‌ను అడగండి: 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ అయిందా? పిల్లలు చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ద్వారా వచ్చారా? తల్లిదండ్రులను ఎన్నాళ్ళకొకసారి కలుస్తారు? హోమ్ అన్నది చివరి మార్గంగానే ఉండాలని ఆ చట్టమే చెబుతోంది.

• మీకున్న నైపుణ్యం అక్కడి సిబ్బందికి నేర్పండి. లెక్కలు, కంప్యూటర్, ఫస్ట్ ఎయిడ్ ఏదైనా సరే. మీరు వచ్చేశాక పిల్లలతో ఉండేది వాళ్ళే. చాలావరకు వీడియో కాల్‌లోనే నేర్పవచ్చు.

• పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెట్టకండి.

• టికెట్ డబ్బుతో ఒక తల్లికి కుట్టుమిషనో, బడి ఫీజో సాయం చేయవచ్చు. మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన పిల్లలకు, విధవరాండ్ర పిల్లలతో సహా, ఇంట్లోనే పెరగడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. దరఖాస్తు నింపడానికి తోడు వెళ్ళేవాళ్ళు ఊరి సంఘంలోనే దొరుకుతారు.

నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉన్నారు. వాళ్ళ కోసం ఏళ్ళ తరబడి హోమ్‌లలోనే ఉండిపోయిన సేవకులను బట్టి దేవునికి స్తోత్రం. వాళ్ళ చేతులు బలపరచడం మన వంతు.

చర్చకు ప్రశ్నలు

1. మన ఫెలోషిప్ సహాయం చేసే హోమ్‌లో ఎంతమంది పిల్లలకు తల్లి గాని తండ్రి గాని ఉన్నారు? తెలియకపోతే ఎవరు అడుగుతారు?
2. ఎలీషా అడిగిన ప్రశ్నను మనం ఒక పేద తల్లిని ఎలా అడగగలం?
3. ఒక్క కుటుంబానికి ఐదేళ్ళు తోడుగా ఉండటానికి మనం సిద్ధమా?

ప్రార్థన: తండ్రీ, మా ఫోటోలకు కనబడని తల్లులను మాకు చూపించు. మొదలుపెట్టిన ప్రేమను చివరిదాకా కొనసాగించే కృప దయచేయి. యేసు నామమున, ఆమేన్.