విందు, వినోదము, మర్యాద: మొరాకో పళ్ళెమునుండి దక్కను దస్తర్‌ఖాన్ వరకు

అరబ్బీ భాషలో 'అదబ్' అను మాటకు సాహిత్యమని అర్థము. మర్యాద యనియు అర్థము. ఉర్దూలోనికి ఈ మాట రెండర్థములతోను వచ్చినది. కళాశాలలో ఉర్దూ శాఖవారు బోధించు అదబ్ సాహిత్యము. ఇంటిలో పెద్దలు పిల్లలకు నేర్పు అదబ్ నడవడి. ఇదే ధాతువునకు చెందిన మరొక మాట 'మాదుబ'. దానికి విందు అని అర్థము. విందునకు పిలుచుట అను భావమునుండియే 'అదబ్' పుట్టినదని కొందరు అరబ్బీ నిఘంటుకర్తలు చెప్పినారు. భోజనము, మర్యాద, సాహిత్యము - ఈ మూడును ఒకే వేరునుండి మొలచినవని ఒక జాతి భావించుటయే మనము గమనింపదగిన విషయము.

నేడు పెద్ద నగరములలో భోజనముతోపాటు పరిసరములను, పాటను, నృత్యమును కూడ కలిపి అమ్ము హోటళ్ళు వెలసినవి. పారిస్, లండన్ నగరములలోను, అమెరికాలోను ఈ పద్ధతికి పేరు పొందినవానిలో మొరాకో హోటళ్ళు ముఖ్యమైనవి. వానినుండి మనము నేర్చుకొనవలసినదేమి? మన దక్కను సంప్రదాయముతో వానికి గల పోలికయేమి? ఒక విందు మంచిదని చెప్పుటకు గుర్తేమి? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. మొరాకో భోజన క్రమము

మొరాకో దేశమునకు అరబ్బీలో 'అల్ మగ్రిబ్' అని పేరు. సూర్యుడు అస్తమించు చోటు అని అర్థము. సాయంకాలపు నమాజునకు గల పేరే ఆ దేశమునకును పేరైనది.

అచ్చటి సంప్రదాయ భోజనశాలలో ఎత్తైన బల్లలు, కుర్చీలు ఉండవు. గోడల వెంబడి తక్కువ ఎత్తు గల పరుపులు, వానిపై దిండ్లు, నడుమ గుండ్రని చిన్న బల్ల, చిల్లులు పొడిచిన లోహపు లాంతర్లు - ఇవి అచ్చటి అమరిక. భోజనమునకు ముందు ఒకరు చెంబు, పళ్ళెరము పట్టుకొనివచ్చి అతిథుల చేతులపై నీరు పోయుదురు. తరువాత బిస్మిల్లా అని కుడిచేతి మూడు వ్రేళ్ళతో ఒకే పెద్ద పళ్ళెములోనుండి తిందురు. ఎవరి ముందున్న భాగమును వారు తినుట మర్యాద. ఎదుటివాని వైపునకు చేయి చాపుట అమర్యాద. మంచి మాంసపు ముక్కను గృహస్థు తానే తీసి అతిథి ముందుంచును.

వంటకములలో ప్రసిద్ధమైనది 'తాజిన్'. ఇది మట్టిపాత్ర పేరు. అందులో వండిన వంటకమునకును అదే పేరు. దాని మూత శంకువువలె పైకి సన్నగిల్లి ఉండును. నెమ్మదియైన బొగ్గుల సెగపై లేచిన ఆవిరి ఆ ఎత్తైన మూతకు తగిలి చల్లబడి, నీటి బొట్లై తిరిగి పాత్రలోనికే జారును. కనుక కొద్ది నీటితోనే మాంసము మెత్తగా ఉడుకును. మన బిర్యానీకి 'దమ్' పెట్టుటలో సూత్రమిదియే. అచ్చట మూత ఆకారము చేయు పనిని, ఇచ్చట మూత చుట్టును మెత్తిన గోధుమపిండి చేయును. రెండిటను రహస్యమొకటే: ఆవిరిని బయటికి పోనీయకుండుట, తొందరపడకుండుట.

'కుస్‌కుస్' మరొక వంటకము. గోధుమరవ్వను నీటితో తడిపి, చేతులతో నలిచి, చిన్న చిన్న గుళికలుగా చేసి ఆవిరిపై ఉడికింతురు. ఇది ముఖ్యముగా శుక్రవారపు భోజనము. 2020లో మొరాకో, అల్జీరియా, ట్యునీసియా, మారిటానియా దేశముల ఉమ్మడి వారసత్వముగా యునెస్కో దీనిని గుర్తించినది. 'బస్తీలా' అనునది పావురపు మాంసము, గుడ్లు, బాదము పప్పు, దాల్చినచెక్క, చక్కెరలతో చేయు పొరల వంటకము. ఆ పలుచని పొరకు వారు 'వర్ఖా' అందురు. మనము పుస్తకపు పుటకును, మిఠాయిపై అద్దు వెండిరేకునకును వాడు 'వరఖ్' అను మాటకు ఇది చుట్టమే. చివర పుదీనా వేసిన తేనీటిని ఎత్తునుండి సన్నని ధారగా గాజు గ్లాసులలో పోయుదురు. తేయాకు ఆ దేశములో ఇంటింటికి చేరినది 19వ శతాబ్దములోనే. ఆకు చైనాది, వర్తకము ఇంగ్లీషువారిది, పుదీనాయు మర్యాదయు మొరాకోవి.

2. దక్కనును చూచిన మొరాకో యాత్రికుడు

మొరాకోకు, మన దక్కనుకు నడుమ సంబంధము క్రొత్తది కాదు. 1304లో తాంజా నగరమున జన్మించిన ఇబ్న్ బతూతా 1325లో ఇల్లు విడిచి, 1333లో సింధు నదిని చేరినాడు. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున ఖాజీగా పనిచేసినాడు. అతని యాత్రాగ్రంథము 1355లో పూర్తియైనది.

ఇచ్చటి విందులో వడ్డన క్రమమును అతడు ఒక విద్యార్థి పాఠమును వ్రాసికొన్నంత శ్రద్ధగా చెప్పినాడు. ముందు చక్కెర పానకము. తరువాత పలుచని రొట్టెలు, కాల్చిన మాంసము. నేయి, ఉల్లి, పచ్చి అల్లముతో వండిన మాంసము. బాదము, పిస్తా, మాంసపు తురుము కూరిన సంబూసలు. నేతి అన్నము, దానిపై కోడిమాంసము. ఆపై తీపి వంటకములు. చివర యవల పానీయము, తాంబూలము. ఈ వరుసను చదివిన హైదరాబాదు పాఠకునకు తన ఇంటి పెండ్లి విందు గుర్తునకు రాక మానదు. ఆ తీపి వంటకములలో ఒకదానిని అతడు 'లుఖైమాతుల్ ఖాజీ' అని పేర్కొన్నాడు. లుఖ్మా యనగా ముద్ద. మన విందులలో మొదట వడ్డించు 'లుఖ్మీ' పేరును ఆ మాటనుండి వచ్చినదే.

దౌలతాబాదును గూర్చి అతడు వ్రాసినది మన విషయమునకు మరింత దగ్గరది. ఆ పట్టణమున గాయకులకు, గాయనులకు ప్రత్యేకమైన బజారు ఉండెను. దాని పేరు తరబాబాద్, అనగా ఆనందనగరము. అంగళ్ళలో తివాసీలు పరచి, నడుమ ఊయల వ్రేలాడదీసి, దానిపై గాయని కూర్చుండెడిది. బజారు మధ్యనున్న గుమ్మటపు మండపమున ప్రతి గురువారము అపరాహ్ణపు నమాజు అనంతరము గాయకుల పెద్ద వచ్చి కూర్చుండెడివాడు. ఆ బజారులోనే నమాజునకు మసీదులును ఉండెనని ఇబ్న్ బతూతా ప్రత్యేకముగా చెప్పినాడు. పాడువారు వెలివాడవారు కారు. వారికి ఒక పెద్ద, ఒక స్థానము, ఒక సమాజము ఉండెనని దీనివలన తెలియుచున్నది.

3. ఓరుగల్లు పూటకూటి ఇల్లు

భోజనమును డబ్బిచ్చి కొనుట హోటళ్ళతో పుట్టిన ఆచారమని తలపరాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము' మన తెలుగులో వీథి అను రూపకభేదమునకు ఉదాహరణము. అందులో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథులలో ఒక దినము తిరుగుదురు. ఒక పూటకూటి ఇంట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి వర్ణించినాడు: సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. అదే వీథులలో పల్నాటి వీరుల కథను పాడు స్త్రీ, జక్కుల పాట, కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు కనిపించును.

ఇచ్చట గమనింపవలసిన భేదము కలదు. ఓరుగల్లులో కూడు ఒక ఇంటిలోనిది, పాట వీథిలోనిది. కూటికి వెల కలదు. పాట దారినపోవు అందరిది. మొరాకోలోని మర్రాకిష్ నగరమున జామా అల్ ఫనా మైదానమున నేటికిని ఇట్టి దృశ్యమే కలదు. సాయంకాలము ఒక ప్రక్క వంటల అంగళ్ళు, మరియొక ప్రక్క కథకులు, వాద్యగాండ్రు. 2001లో యునెస్కో దీనిని మౌఖిక వారసత్వపు నిధిగా ప్రకటించినది. ఈ రెంటిని ఒకే కప్పు క్రిందికి చేర్చి, ఒకే బిల్లులో వ్రాసినది మాత్రము నేటి వినోదపు హోటలు.

4. పాడినవాడు ఎక్కడ తిన్నాడు?

ఇట్లు చేర్చుటలో లాభము లేకపోలేదు. కళాకారునకు జీతము దొరకును. దూరదేశపు రుచి పదిమందికి తెలియును. కాని నష్టమును కలదు. విదేశములలోని అనేక మొరాకో హోటళ్ళలో భోజనము నడుమ జరుగు నడుము కదలికల నృత్యము మొరాకో గృహస్థుల విందు సంప్రదాయమునకు చెందినది కాదు. అది ప్రధానముగా ఈజిప్టులో పెరిగిన కళ. తూర్పు దేశమనగా ఇట్లుండునని ముందే ఊహించుకొని వచ్చిన విదేశీయుని కొరకు దానిని తెచ్చి కలిపినారు. మొరాకో స్వంత సంగీతము వేరు. ఒకటి స్పెయిన్‌నుండి వలస వచ్చినవారు కాపాడిన అందలూసీ సంగీతము. మరియొకటి గ్నావా. ఇనుప తాళములతోను, గింబ్రీ అను మూడు తంత్రుల వాద్యముతోను రాత్రియంతయు సాగు ఈ సంగీతము, సహారా ఎడారి దిగువనుండి బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి సంతతి కాపాడినది. 2019లో దీనికిని యునెస్కో గుర్తింపు లభించినది.

మన నగరమునందును దీనికి సోదరుడు కలడు. పెండ్లి ఊరేగింపులలో వినవచ్చు 'మర్ఫా' వాద్యము హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులతోను, ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలతోను హైదరాబాదు చేరినది. అరబ్బు సైనికుల బారకుల పేరే బార్కాస్ అయినది; నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వదళము పేరే ఏ.సి. గార్డ్స్ అను పేటకు నిలిచినది. నేడు బార్కాస్‌లోను, నగరపు ఇతర పేటలలోను మండీ హోటళ్ళలో యువకులు నేలపై దిండ్లకానుకొని, నలుగురు ఒకే పళ్ళెము చుట్టు కూర్చుండి తినుచున్నారు. ఆ పళ్ళెమును చూచి ఆనందించువారు, దానితో వచ్చిన మనుష్యుల కథను కూడ తెలిసికొనవలెను.

పూర్వపు దేవిడీలన్నిట సమత్వము వెల్లివిరిసెనని నేననుట లేదు. సిలఫ్చీ, ఆఫ్తాబాలతో చేతులు కడిగించిన నౌకరు ఆ దస్తర్‌ఖాన్ పైన కూర్చుండలేదు. తెలుగువారిలో 'పంక్తిభేదము' దోషమని పెద్దలు చెప్పినారు: ఒకే వరుసలో ఒకరికి నేయి, మరొకరికి నూనె వడ్డింపరాదు. అయినను ఆ వరుసలో కూర్చుండు అర్హత కొందరికే ఉండెను. కనుకనే సంస్కర్తలు సహపంక్తి భోజనమును ఒక ఉద్యమముగా నడపవలసివచ్చినది. సంప్రదాయము గొప్పదని పొగడుట వేరు. అది చెప్పిన మాటను అదే నెరవేర్చినదా యని అడుగుట వేరు. రెండవది చదువుకొన్నవారి ధర్మము.

కావున విందును పరీక్షించుటకు నాకు తోచిన గుర్తు ఇది. దీపముల వెలుగు కాదు, దిండ్ల మెత్తదనము కాదు. వండినవాడు, వడ్డించినవాడు, పాడినవాడు - వీరు ఎప్పుడు, ఎక్కడ, ఏమి తిన్నారు? దీనికి తలయెత్తుకొని సమాధానము చెప్పగలిగినది మాదుబ. చెప్పలేనిది అలంకారము మాత్రమే.

5. తార్నాక పాఠము

ఈ విచారణకు తార్నాక ప్రాంతము తగిన చోటు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చటనే కలదు. ఏ ఆహారము ఎంత తినవలెనో ఆ శాస్త్రము చెప్పును. ఎవరితో, ఎట్లు తినవలెనో చెప్పునది అదబ్. దేహమునకు రెండును అవసరమే. దాని సమీపముననే 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును రూపొందించిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు, కైరోకు సమీపమున హీలియోపోలిస్ నిర్మాణములో పనిచేసినవాడు. ఆ భవనమున అరబ్బు తోరణములును, అజంతా ఎల్లోరాలను తలపించు స్తంభములును ఒకే బరువును మోయుచున్నవి. పరదేశపు అందమును తెచ్చుకొనుట తప్పు కాదు. తెచ్చుకొన్నదానిని వేడుకకు నిలుపక పనికి నిలిపిన, అది మనది యగునని ఆ భవనము చెప్పుచున్నది.

ఉస్మానియాలోను, 1958లో స్థాపింపబడి నేడు ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా నున్న పొరుగు సంస్థలోను అరబ్బు, ఆఫ్రికా దేశముల విద్యార్థులు చదువుచు వచ్చినారు. దూరదేశపు భోజనమర్యాద తెలిసికొనుటకు వెల పెట్టి కొన్న రంగుల లాంతరు అక్కరలేదు. హాస్టలు గదిలో ఒక పళ్ళెము, ఒక ఆహ్వానము చాలును.

విద్యార్థులు ఈ క్రింది ప్రశ్నలను ఆలోచించి, తమ ఇంటి పెద్దలతో ముచ్చటింతురు గాక.

ఒకటి: మీ ఇంటి దావత్‌లో మొదట వడ్డించునదేమి, చివర వడ్డించునదేమి? ఆ వరుసకు కారణమేమి?

రెండు: మీ పేట పెండ్లిలో మర్ఫా వాయించినవారి పేర్లు మీకు తెలియునా? వారికి భోజనము పెట్టినదెవరు?

మూడు: హోటలులో మీ బల్లను తుడిచిన బాలుడు ఆ పూట భోజనము చేసినాడా?

మూడవ ప్రశ్నకు సమాధానము పుస్తకములలో లేదు. అడిగి తెలిసికొనవలెను.