ముక్క పరీక్ష చేసిన డాక్టరు అడిగిన ప్రశ్న

క్యాన్సరు రోగి బంధువులు సహాయం కోరి వచ్చినప్పుడు వారి ఫైలులో మందుల బిల్లులు, స్కానింగు ఫిల్ములు, ఆపరేషన్ ఖర్చు అంచనా పైపైనే కనిపిస్తాయి. అడుగున ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. అది బయాప్సీ రిపోర్టు. మనవాళ్ళు 'ముక్క పరీక్ష' అంటారు. గడ్డలోంచి చిన్న ముక్క తీసి, పల్చగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద చూసి రాసేది ఇదే. ఏ చికిత్స చెయ్యాలన్నా ముందు దీనిని చూడాల్సిందే. దాని కింద సంతకం చేసిన పాథాలజిస్టును రోగి దాదాపు ఎన్నడూ చూడడు. దాతలమైన మనకూ ఆయన పని అంతగా తెలియదు. ఆ పనిలో జీవితం గడిపిన ఒక పెద్దమనిషి గురించి ఈసారి చెప్పుకుందాం.

బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి కూడా దానంతో లేచినదే. సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు సొమ్ముతో కట్టి, 1941 ఫిబ్రవరి 28న తెరిచారు. అక్కడి ప్రయోగశాలలకు అధిపతిగా వచ్చినవారు డాక్టర్ వసంత్ రాంజీ ఖనోల్కర్ (1895–1978). లండనులో పాథాలజీ చదివి, బొంబాయి వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పినవారు. 'ఇది క్యాన్సరు' అని రాసి సంతకం పెడితే ఆయన ఉద్యోగ ధర్మం తీరిపోయేది. ఆయన అక్కడ ఆగలేదు. ఈ మనిషికి, శరీరంలో సరిగ్గా ఈ చోటనే ఎందుకు వచ్చింది అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు గాజు పలక మీద దొరకదు. రోగి ఎక్కడివాడు, ఏం తింటాడు, ఏం తాగుతాడు, బట్ట ఎలా కడతాడు అని అడిగితేనే దొరుకుతుంది.

అలా అడిగిన ఫలితం 1945లో సూర్యాబాయితో కలిసి ఆయన అచ్చు వేసిన వ్యాసం. అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్లను అందులో వివరించారు. మొదటిది నడుము దగ్గర, ధోవతి బిగించి కట్టేచోట వచ్చేది. ఏళ్ళ తరబడి ఒరిపిడికి చర్మం రంగు మారి, గరుకెక్కి, చివరకు మానని పుండవుతుంది. రెండవది పొగాకు, సున్నం నలిపిన ఖైనీని కింది పెదవి లోపల పెట్టుకునేవారికి సరిగ్గా ఆ గాడిలోనే వచ్చేది.

మూడవది మన తెలుగువారిది. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరంలో చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. 'అడ్డపొగ' అంటారు. ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. నిప్పు నోట్లో ఉంటే సముద్రపు గాలికి ఆరిపోదు, నీళ్ళ పని చేస్తున్నా తడవదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది. అలవాటు పడినవారికి ఇవన్నీ సౌకర్యాలే. కాని ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సరు రావడం చాలా అరుదు. ఈ తీరంలో మాత్రం డాక్టర్లకు అది నిత్యం కనిపించే జబ్బు. ముందు అంగిలి తెల్లబారుతుంది, మందమవుతుంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు లేస్తాయి. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ ఆసుపత్రికి రారు. పుండు పడ్డాక వస్తారు. చూడటానికి టార్చిలైటు చాలే, ఆ చూసేవాడు ఊళ్ళోకి వస్తేగా!

తరువాతి తరం పరిశోధకులు నిజంగానే ఊళ్ళకు వెళ్ళారు. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతాల బృందం ఈ ప్రాంతపు పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళు పరీక్షించి, 1971లో వివరాలు ప్రకటించింది. ఆ తరువాత శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాలలో సుమారు 36 వేల మంది పొగాకు వాడేవారికి ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పి చూశారు. చెప్పినచోట శ్రీకాకుళంలో అంగిలి మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. మందు లేదు, కోత లేదు. ఖర్చంతా మనిషి వెళ్ళి మాట్లాడటానికే. విరాళాల పద్దులో ఇలాంటి ఖర్చుకు చోటు తక్కువ. చూపించడానికి భవనమూ ఉండదు, యంత్రమూ ఉండదు.

ఖనోల్కర్ దృష్టి క్యాన్సరు దగ్గరే ఆగిపోలేదు. కుష్ఠు మీద కూడా ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. పాథాలజిస్టుకు ఇది వింత కాదు. కుష్ఠు అయినా క్యాన్సరు అయినా ఆయన చూసేది ముక్కనే. వేళ్ళు పోయిన రోగులను అందరూ చూస్తున్న రోజుల్లో ఆయన తొలి దశ మచ్చలను పట్టించుకున్నారు. చర్మంలోని సన్నని నరాలలో సూక్ష్మజీవులు ఎలా చేరుతున్నాయో పరిశీలించి, 1951లో ప్రచురించారు. స్పర్శ తెలియని మచ్చను ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో దానితో అర్థమైంది.

కుష్ఠు సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఖనోల్కర్ నడిపిన ఇండియన్ క్యాన్సర్ రీసెర్చ్ సెంటర్‌లో 1958లో ఒక కుష్ఠు రోగి ముక్క నుంచి ఒక సూక్ష్మజీవిని పెంచగలిగారు. ఆ సంస్థ పేరుతోనే దానిని ఐసీఆర్‌సీ బాసిల్లస్ అన్నారు. అసలు కుష్ఠు క్రిమి అదేనా అన్నదానిపై వాదం నడిచింది. కాదు, దాని దూరపు చుట్టమని తరువాత తేలింది. అయినా ఆ చుట్టంతోనే టీకా తయారైంది. దక్షిణ భారతంలో జరిగిన పెద్ద పరీక్షలో అది సుమారు 65 శాతం రక్షణ ఇచ్చిందని 1998లో ప్రకటించారు. అదే పరీక్షలో మామూలు బీసీజీ టీకా ఇచ్చిన రక్షణ 34 శాతం.