పప్పు ముందు, అన్నం తర్వాత

ప్రశ్న: శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ చేస్తాను. బరువు 70 కిలోలు, షుగర్ బార్డర్‌లో ఉంది. ప్రొటీన్ పౌడర్ తాగితే షుగర్, పొట్ట తగ్గుతాయా?

జవాబు: పౌడర్ అక్కర్లేదండీ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలూ వద్దనే అన్నాయి. కిలో బరువుకు 0.83 గ్రాముల లెక్కన మీకు రోజుకు 58 గ్రాముల ప్రొటీన్ చాలు. ఒక గుడ్డులోనే 6 ఉంటాయి. ముందు గుడ్లో, గట్టిపప్పో, కూరో తిని ఆఖర్న అన్నం తినండి. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఈలోగా ఇన్సులిన్ అందుకుంటుంది, షుగర్ అంతగా ఎగబాకదు. కొవ్వు సంగతి వేరు. ప్రొటీన్ ఆకలిని ఆపుతుంది గానీ గ్రాముకు 4 కేలరీలు దానికీ ఉన్నాయి. అన్నం తగ్గించకుండా పైన చేరిస్తే పొట్టే పెరుగుతుంది. అర్ధరాత్రి బిర్యానీ అలవాటుంటే మొదట దాన్ని మానండి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టరును అడగనిదే ప్రొటీన్ పెంచొద్దు.