శాలిహుండము కొండ

శ్రీకాకుళపు జిల్లాలో, వంశధారానదికి దక్షిణపు టొడ్డున శాలిహుండ మను గ్రామము కలదు. ఊరి చెంత నొక చిన్న కొండ, చుట్టును వరిచేలు. తూర్పున కొలది దూరములోనే కళింగపట్నము కడ నది సముద్రమును కలియును.

ఈ ఊరి పేరునకు పెద్దలు రెండర్థములు చెప్పుదురు. శాలి యనగా వరి. కావున ఇది శాలివాటిక, ధాన్యమునకు నెలవు, అని కొందరి మాట. శల్య మనగా ఎముక. ఇది శల్యపేటిక, అనగా ఎముకల పెట్టె, అని మరికొందరి మాట. మొదటిది చేలను చూచిన వారెవరైనను ఒప్పుకొందురు. రెండవది వింతగా తోచును. పచ్చని పొలముల నడుమ ఎముకల పెట్టె యేల?

జవాబు కొండమీది మంటిలో నుండెను. 1919లో ఈ స్థలమును లోకమునకు ఎరిగించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863లో ఈ వంశధార తీరముననే పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, ముఖలింగాలయములోని శాసనములను చదువవలెనను పట్టుదలతో ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకొనిరి. వాడుకభాష కొరకు ‘తెలుగు’ అను పత్రికను ఆయన వెలువరించినదియు 1919లోనే. జనుల నోట బ్రతికియున్న మాటకై పోరాడుచునే మంటిలో మరుగుపడిన మాటను వెదకుట ఆయనకే చెల్లెను.

తరువాత పురావస్తుశాఖవారు త్రవ్వగా నాలుగు స్తూపములును, విహారపు కట్టడములును బయల్పడినవి. ఇచటి స్తూపనిర్మాణమున ఒక నేర్పు కలదు. ఇటుకలను బండిచక్రమువలె, నడుమ కుండయు ఆకులును చుట్టు కమ్మియు ఏర్పడునట్లు పేర్చి, సందులను మట్టితో నింపిరి. ఇటుక తక్కువ పట్టును. దిబ్బ జారక నిలుచును. స్తూపములలో ధాతుకరండములు, అనగా పూజ్యుల అస్థిశేషములను భద్రపరచు భరిణెలు, దొరకినవి. శల్యపేటిక యన్న మాట ఊరక పుట్టలేదేమో!

ఈ కొండపై బౌద్ధము క్రీ.పూ. 2వ శతాబ్ది మొదలు క్రీ.శ. 12వ శతాబ్ది వరకు నిలిచెను. తొలినాళ్ళలో స్తూపమునకే పూజ. కడపటి కాలమున తార, మారీచి మున్నగు దేవతల విగ్రహములు వెలసినవి. కళింగపట్నపు రేవు చేరువనుండుటచే ఇచటి ధర్మము ఓడలతోపాటు సుమాత్ర మొదలగు దీవులకు పోయెనని చెప్పుదురు.

విగ్రహములకంటె ముచ్చటైనవి కుండపెంకులు. వానిలో కొన్నిటిపై బ్రాహ్మీ అక్షరములు కలవు. రాతిశాసనములు పదుగురు చూచుటకై వెలయించునవి. ఇవియో నిత్యము చేతులలో మెలగిన పాత్రలు. పగిలినవని పారవేసిన వానిని మంటియే దాచెను. అందుచేతనే త్రవ్వకములలో ప్రతి పెంకును మెల్లగా కడిగి, వెలుతురున త్రిప్పి చూచెదరు.