కామెర్లు, కాలేయము, పురిటిబిడ్డకు తొలి టీకా

సూరత్ నగరమున లింబాయత్, ఉధ్నా ప్రాంతముల మరమగ్గపు వీధులలో తెలుగు మాట వినబడని దినముండదు. తెలంగాణపు జిల్లాల నుండి నేతపనికై వెడలిన కుటుంబములు అచట తరములుగా స్థిరపడినవి. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు బడులను కూడ నెలకొల్పినది. పుట్టినిల్లు స్వగ్రామమున గల కోడలు తొలికాన్పునకు అచటికి పోవుట ఆచారము. గర్భిణికి రక్తపరీక్ష సూరత్‌లో జరుగును. కాన్పు వరంగల్లులోనో కరీంనగరులోనో జరుగును. ఈ రెంటి నడుమ పరీక్షా ఫలితము మరుగున పడినచో, పుట్టిన బిడ్డకు జీవితకాలపు కాలేయవ్యాధి సంక్రమింపవచ్చును. అదెట్లో తెలియవలెనన్న కాలేయములో జరుగు పోరాటమును ముందుగా గ్రహింపవలెను.

కామెర్లు ఒక వ్యాధి కాదు, లక్షణము మాత్రమే. కన్నులు పచ్చబడుటకు కారణములు పెక్కులు. హెపటైటిస్ ఎ, ఇ అను వైరస్‌లు కలుషితమైన నీటి మూలమునను, ఆహారము మూలమునను వచ్చును. 1994లో ప్లేగు భయమునకు గురియైన సూరత్, అటుపిమ్మట పారిశుద్ధ్యమునకు పేరొందిన సంగతి చదువరులెరుగుదురు. వీధులు శుభ్రపడి, మంచినీరు అందినచో ఎ, ఇ వైరస్‌లు తగ్గును. కాని హెపటైటిస్ బి మురుగుకాలువలో పుట్టునది కాదు. అది రక్తము ద్వారా, లైంగిక సంపర్కము ద్వారా, కాన్పు సమయమున తల్లి నుండి బిడ్డకు వ్యాపించును. 2009లో అదే గుజరాతు రాష్ట్రమున మొడాసా ప్రాంతములో ఒకరికి వాడిన సిరంజీలను మరియొకరికి వాడుటవలన ఈ వ్యాధి ప్రబలి, పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఈ వైరస్ జాడను తొలుత పట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తములో తాను కనుగొనిన వింత పదార్థమును గూర్చి ఆయన 1965లో ప్రకటించెను. అది ఈ వైరస్ పైపొరలోని మాంసకృత్తియని పిమ్మట తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఇచట ఆశ్చర్యకరమైన విషయమొకటి కలదు. హెపటైటిస్ బి వైరస్ తాను ప్రవేశించిన కాలేయకణమును సాధారణముగా తానై చంపదు. అద్దెకు దిగినవానివలె లోపల కూర్చుండి తన ప్రతులను తయారుచేయించుకొనుచుండును. కణమును చంపునది మన రక్తములోని తెల్లకణములే. 1990 ప్రాంతమున కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ చిసారి బృందము చుంచెలుకలపై చేసిన ప్రయోగములు దీనిని స్పష్టపరచెను. వైరస్ మాంసకృత్తులను పుట్టుకతోనే తమ కాలేయమున తయారుచేయు ఎలుకలు, వానిని తమవిగా భావించి, ఆరోగ్యముగానే యుండెను. ఆ మాంసకృత్తిని శత్రువుగా గుర్తింప నేర్చిన టి-కణములను ఎక్కింపగనే వాని కాలేయము వాచెను. టి-కణములు కొన్ని రసాయనములను విడుదలచేసి, కణమును చంపకయే వైరస్‌ను అణచగలవనియు తరువాత తెలిసినది. 'వ్యాధినిరోధక శక్తి' అని మనము అనువదించుకొన్న మాట ఎల్లవేళల మేలునే స్ఫురింపజేయును. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్న సామెత కూడ దానికి వర్తించునని ఈ వ్యాధి తెలుపుచున్నది.

అయినను ఆ పోరాటము జరుగకున్న కీడు అంతకంటె పెద్దది. పెద్దవారికి ఈ వైరస్ సోకినచో రక్షణకణములు గట్టిగా పోరాడును. కామెర్లు రావచ్చును గాని, నూటికి 95 మందికి పైగా వైరస్‌ను అదుపుచేసి కోలుకొందురు. అప్పుడే పుట్టిన బిడ్డ విషయము వేరు. వాని రక్షణ వ్యవస్థ పరిపక్వము కాలేదు. వైరస్‌ను గట్టిగా ఎదుర్కొనలేదు. జ్వరముండదు, కామెర్లుండవు, తల్లికి అనుమానమే రాదు. కాని అట్టి బిడ్డలలో సుమారు 90 శాతము మందికి వైరస్ శాశ్వతముగా నిలిచిపోవును. యౌవనమున రక్షణకణములు ఆలస్యముగ మేల్కొని పోరు సాగించును. గెలువని ఆ పోరులో కాలేయము మచ్చలుపడి గట్టిపడును. దానినే సిరోసిస్ అందురు. కొందరికి కాలేయ క్యాన్సరు వచ్చును.

మన పల్లెలలో కామెర్లకు పసరుమందు పోయుట, చేతికి వాతలు పెట్టుట నేటికిని కలదు. పసరు త్రాగినవారిలో పెక్కుమంది కోలుకొనుట నిజమే. కాని పెద్దవారిలో అత్యధికులు మందు లేకయే కోలుకొందురని పైన చూచితిమి. శరీరము సాధించిన విజయమునకు కీర్తి పసరుకు దక్కుచున్నది. నేల ఉసిరికను శాస్త్రజ్ఞులు త్రోసిపుచ్చలేదు. మద్రాసు పరిశోధకులు దానిని దీర్ఘకాలిక రోగులపై పరీక్షించి 1988లో ఆశాజనకమైన ఫలితములు ప్రకటించిరి. ఆ పరిశోధనలో బ్లంబర్గ్ కూడ భాగస్వామియే. అయితే ఇతర దేశములలో జరిగిన పరీక్షలు ఆ ఫలితమును ధ్రువపరచలేదు. వాతల విషయమున పరీక్షయే అనవసరము.

దీర్ఘకాలిక వ్యాధికి నేడు టెనోఫోవిర్ వంటి మాత్రలు కలవు. అవి వైరస్‌ను అణచును గాని, కణకేంద్రమున దాగిన దాని మూలప్రతిని సాధారణముగా నిర్మూలింపలేవు. కావున సోకకముందే అడ్డుకొనుట మేలు. టీకాలో ఉండునది పైపొర మాంసకృత్తి మాత్రమే, వైరస్ ఉండదు. దానిని చూచి శరీరము ప్రతిరక్షకములను సిద్ధము చేసికొనును. ఒకప్పుడు ఈ టీకా విదేశముల నుండి వచ్చి, సామాన్యునికి అందని వెలకు అమ్ముడుపోయెడిది. వరప్రసాదరెడ్డి స్థాపించిన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, ఈస్టు కణముల సాయమున 1997లో దీనిని మన దేశమున తొలిసారిగ తయారుచేసి చౌకగా అందించెను. 2011 నుండి దేశమంతట పసిబిడ్డలకు ఉచితముగ వేయుచున్నారు.

తొలి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటలలోపల పడవలెను. పిదప 6, 10, 14 వారములలో కలిపి ఇచ్చు టీకాలో ఇదియు చేరియుండును. తల్లికి వైరస్ ఉన్నచో, బిడ్డకు తొలి టీకాతోపాటు సిద్ధ ప్రతిరక్షకముల సూదిమందు కూడ అవసరము. అది రెండవ తొడకు వేయుదురు. తల్లి రక్తములో వైరస్ అధికముగ ఉన్నచో కాన్పునకు ముందు నెలలలోనే ఆమెకు మాత్రలు ఇత్తురు. పరీక్షలు, మందులు 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ లభించును. టీకాలు పొందిన బిడ్డకు తల్లిపాలు నిశ్చింతగ ఇయ్యవచ్చును. ఒకే కంచమున తినుటవలన ఇది అంటదు. ఒకే మంగలికత్తి వాడినచో అంటవచ్చును.

గర్భిణి సూరత్ నుండి పుట్టినింటికి రైలెక్కునపుడు చీరెసారెలతోపాటు రక్తపరీక్ష కాగితమును, తల్లిబిడ్డల కార్డును ఆమె చేతిసంచిలోనే పెట్టవలెను. కాన్పుగదిలో చేరిన వెంటనే నర్సమ్మకు చూపవలెను. కాగితము లేనిచో అచటనే మరల పరీక్ష కోరవచ్చును. ఫలితము వచ్చువరకు బిడ్డ తొలి టీకాను ఆపరాదు.