బ్రిటన్ థియరీ టెస్ట్: బండి నడపడం వచ్చినవాళ్ల కోసం

విజయవాడలోనో వరంగల్‌లోనో ఏళ్ల తరబడి కారు నడిపి బ్రిటన్ వచ్చినవాళ్లకు థియరీ టెస్ట్ అంటే పెద్ద లెక్క ఉండదు. అక్కడా స్టీరింగ్ కుడివైపే, ఇక్కడా కుడివైపే. అక్కడా ఎడమపక్కనే వెళ్లాలి, ఇక్కడా అంతే. ఇంకా చదవడానికేముంది అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ప్రశ్న పూర్తిగా చదవకముందే అలవాటు జవాబు చెప్పేస్తుంది. మార్కులు మాత్రం ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడ్, చెప్పినదానికే పడతాయి.

ముందు గడువు చూసుకోండి

ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలల వరకే ఇండియన్ లైసెన్సుతో కారు నడపొచ్చు. దాన్ని నేరుగా ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. అందరిలాగే ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, థియరీ పాసై, ఆ తర్వాత ప్రాక్టికల్‌కు వెళ్లాల్సిందే. ప్రొవిజనల్‌కు ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, పోస్టులో అయితే 43. థియరీ ఫీజు 23 పౌండ్లు. రెండూ ప్రభుత్వ సైట్ గవ్.యూకేలోనే చేసుకోండి. వెతికితే పైన కనిపించే కొన్ని ప్రైవేటు సైట్లు ఇదే పనికి ఎక్కువ గుంజుతాయి. థియరీ పాసైతే తప్ప ప్రాక్టికల్ బుక్ చేసుకోనివ్వరు. దాని తేదీ దొరకడానికి చాలా ఊళ్లలో నెలలు పడుతోంది. కాబట్టి వచ్చిన మొదటి నెలల్లోనే పని మొదలుపెట్టండి.

పరీక్షలో ఏముంటుంది

రెండు భాగాలూ కంప్యూటర్ మీదే, ఒకే సిట్టింగులో రాయాలి. మొదటిది 50 ప్రశ్నలు, 57 నిమిషాలు. 43 సరిగ్గా రావాలి. రెండోది హజార్డ్ పర్సెప్షన్, అంటే వీడియో చూస్తూ ప్రమాదం మొదలవగానే క్లిక్ చేయడం: 14 వీడియోలు, 75 మార్కులు, 44 వస్తే పాస్. ఒకటి పాసై ఒకటి తప్పినా మళ్లీ రెండూ రాయాలి. తెలుగులో పరీక్ష లేదు. ఇంగ్లిష్ చదవడం నెమ్మదైతే హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్నలు ఇంగ్లిష్‌లోనే వినిపించే ఏర్పాటు ఉంది. బుక్ చేసేటప్పుడే అడగాలి.

అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుంది

ఎదుటి బండి హెడ్‌లైట్లు కొట్టింది. మన ఊళ్లో దానర్థం ‘నేనొస్తున్నా, ఆగు’. ఇక్కడి రోడ్ల మీద చాలామంది ‘మీరు వెళ్లండి’ అనడానికి కొడతారు. పరీక్షలో రెండూ తప్పే. కోడ్ ప్రకారం లైట్లు కొట్టేది ‘నేనిక్కడున్నాను’ అని తెలపడానికే. దాన్ని నమ్ముకుని కదలకూడదు, దారి ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకోవాలి.

హారన్ సంగతీ అంతే. ఆగి ఉన్న బండిలోంచి ఊరికే కొట్టకూడదు. జనావాసాల్లో బండి కదులుతున్నా, రాత్రి 11.30 నుంచి ఉదయం 7 దాకా కొట్టకూడదు. ఇక పాదచారులు: మన దగ్గర చెయ్యెత్తి కారును ఆపి దాటే బాధ్యత వాళ్లది. 2022 జనవరిలో మారిన కోడ్ ప్రకారం ఇక్కడ మీరు పక్కరోడ్డులోకి తిరిగేటప్పుడు, దాటుతున్నవాళ్లకే కాదు, దాటడానికి ఎదురుచూస్తున్నవాళ్లకు కూడా దారివ్వాలి. రౌండబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవాళ్లు వెళ్లాకే మీరు.

తెల్లని వృత్తంలో నల్లని అడ్డగీత కనిపిస్తే ఎంత వేగమైనా వెళ్లొచ్చని కాదు. కార్లకు మామూలు రోడ్డుపై 60 మైళ్లు, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డుపై 70 మైళ్లు అని అర్థం.

బండి ఆగే దూరాలకు ఒక లెక్క ఉంది. 20 మైళ్ల వేగాన్ని 2తో, 30ని 2.5తో, 40ని 3తో, ఇలా అర చొప్పున పెంచుతూ గుణిస్తే దూరం అడుగుల్లో వస్తుంది. 30కి 75 అడుగులు, అంటే 23 మీటర్లు. 70కి 315 అడుగులు, 96 మీటర్లు.

పరీక్షలో వచ్చే అసలు ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ ఉండవు. యాప్‌లో ప్రశ్నలు బట్టీ పట్టేకంటే హైవే కోడ్ ఒకసారి మొత్తం చదివి, తర్వాత మాక్ టెస్టులు రాయండి. తప్పిన ప్రతి ప్రశ్నకూ కోడ్‌లో ఆ నియమం వెతికి చదవండి.

వీడియోల్లో ఎప్పుడు క్లిక్ చేయాలి

హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరితేరిన కంటికి ప్రతిదీ ప్రమాదంలాగే కనిపిస్తుంది. ఇక్కడ మార్కులు వచ్చేది, మీరు వేగమో దిశో మార్చుకోవాల్సిన పరిస్థితి నిజంగా మొదలైనప్పుడే. ఎడమపక్క కారు పార్క్ చేసి ఉంది: ఇంకా ఏమీ లేదు. దాని ఇండికేటర్ వెలిగింది, ముందు చక్రం రోడ్డువైపు తిరుగుతోంది: ఇదే సమయం. వెంటనే నొక్కితే 5 మార్కులు, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గుతూ సున్నాకు వస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు పసిగట్టి ముందే నొక్కేస్తారు, అప్పుడు కూడా సున్నానే. అందుకే అనుమానం రాగానే ఒకసారి, అది బలపడగానే ఇంకోసారి నొక్కండి. అలాగని టకటకా నొక్కుతూ పోతే ఆ వీడియోకు మార్కులివ్వరు. ఒక వీడియోలో మాత్రం రెండు ప్రమాదాలుంటాయి, మొదటిది అయిపోయిందని చెయ్యి తీసేయకండి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

ప్రొవిజనల్ కార్డు మరిచిపోతే పరీక్ష రాయనివ్వరు, కట్టిన ఫీజూ పోతుంది. ఫోను, వాచీ, బ్యాగు లాకర్లో పెట్టాలి. పరీక్ష తప్పితే కనీసం మూడు పనిదినాలు ఆగి మళ్లీ రాయొచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి. పాసైన సర్టిఫికెట్‌కు రెండేళ్లే ఆయుష్షు. ఆలోపు ప్రాక్టికల్ పాసవకపోతే థియరీ మళ్లీ మొదటి నుంచి. అందుకే పాసైన సాయంత్రమే ప్రాక్టికల్ తేదీ కోసం వెతకడం మొదలుపెట్టండి.