పైకి లేవగానే గిర్రున ఎందుకు తిరుగుతుంది?

బోధన్ నుంచి ఓ పాఠకుడి ప్రశ్న: కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానం బాగానే నడుస్తోంది. హెలికాప్టర్ మాత్రం లేవగానే గిర్రున తిరిగి కూలిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: లోపం జాయ్‌స్టిక్‌ది కాదు. పైన రోటర్ ఒకవైపు తిరిగితే బాడీ రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపేది తోక రోటర్, తోక రోటర్‌ను నడిపేవి పెడల్స్. అందుకే ఎడమచేతి కలెక్టివ్‌ను (హెలికాప్టర్‌ను పైకి లేపే లివర్‌ను) ఎత్తిన ప్రతిసారీ కాలూ కదలాలి. ఏ కాలు? మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 2022 నవంబరులో చేరిన బెల్ 407కి ఎడమది, ఫ్రాన్స్‌లో తయారైన కాబ్రీ జీ2కి కుడిది. రెండింటి రోటర్లు వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి మరి!

హోవర్‌తో, అంటే గాల్లో ఒకేచోట నిలపడంతో, మొదలుపెట్టకూడదు. అన్నిటికన్నా కష్టమైనది అదే. మీ బోధన్‌లోని శక్కర్‌నగర్ మీద గాల్లోనే మొదలై, 60 నాట్ల వేగంతో నిజామాబాద్ వైపు సాగాలి. ఆ వేగంలో తోక దగ్గరి నిలువు రెక్క గాలి ఒత్తిడితో ముక్కును నిలకడగా ఉంచుతుంది. చేయి కుదిరాక వేగం తగ్గిస్తూ రావాలి. హోవర్‌లో చూపు డయళ్ల మీద కాదు, దూరాన చెట్ల వరస మీద ఉండాలి.

వేగం బాగా తగ్గాక నిట్టనిలువుగా, వేగంగా దిగితే రోటర్ తన గాలిలోనే చిక్కుకుంటుంది. అప్పుడు కలెక్టివ్ ఎత్తితే ఇంకా జారుతుంది. ముక్కు వంచి ముందుకు తప్పించాలి.

డబ్బు సమస్యయితే ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్ ఉంది. ఇంట్లో ఇలా సిమ్యులేటర్‌పై గడిపిన గంటలు మాత్రం పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు.